స్టీమ్ పంపు ప్రతి స్ట్రోకుకీ ఠంగుమంటుంటే ముందు నీళ్ల వైపు చూడండి

స్టీమ్ చెస్ట్ (స్లైడ్ వాల్వు ఉండే పెట్టె) మూత ఇప్పుడే విప్పకండి. బాయిలర్‌కి నీళ్లు పెట్టే డూప్లెక్స్ పంపు (పక్కపక్కన రెండు పంపులు జంటగా ఉండేది) ఠంగుఠంగుమని కొడుతోందనీ, పునాది బోల్టులు బిగించినా తగ్గలేదనీ రాశారు. ఇక స్టీమ్‌ని పిస్టన్‌కి ఒకసారి ఇటూ ఒకసారి అటూ పంపే స్లైడ్ వాల్వు సెట్టింగ్ మార్చాలా అన్నది మీ ప్రశ్న. బాయిలర్‌హౌస్‌లో ఇలాంటి పంపులతో చాలాకాలం వేగినవాణ్ణి. నా అనుభవంలో చప్పుడు వినిపించేది స్టీమ్ సిలిండర్ దగ్గరే అయినా, పుట్టేది ఎక్కువగా నీళ్ల వైపు.

ఈ పంపుకి క్రాంకూ లేదు, ఫ్లైవీలూ లేదు. స్టీమ్ పిస్టనూ, నీళ్ల పిస్టనూ ఒకే రాడ్డుకి ఉంటాయి. రాడ్డుని నింపాదిగా నడిపించేది ఎదురుగా ఉన్న నీళ్లే. సిలిండర్ పూర్తిగా నిండకపోతే ఆ అడ్డు ఉండదు కదా, పిస్టన్ ఒక్క ఉదుటున దూకి, ఉన్న కాసిని నీళ్లనీ వెళ్లి గుద్దుతుంది. ఆ దెబ్బ రాడ్డు వెంట పాకి ఇవతల మోగుతుంది. చెవికి నమ్మకంగా స్టీమ్ వైపే అనిపిస్తుంది.

మా పంపు ఒకటి పొద్దున్నే చక్కగా నడిచేది, కాసేపయ్యాక కొట్టడం మొదలుపెట్టేది. ఫిట్టరు వచ్చి వాల్వు సెట్టింగ్ సరిచేసి వెళ్లేవాడు. మర్నాడు మళ్లీ అదే గోల. చివరికి ఎవరో ఫీడ్ ట్యాంకులో థర్మామీటరు ముంచితే తెలిసింది, కండెన్సేట్ (వాడిన స్టీమ్ చల్లబడి అయిన వేడి నీరు) తిరిగొచ్చి నీళ్లు 80 డిగ్రీలు దాటుతున్నాయి. చల్లటి నీళ్లని ఆరు మీటర్ల లోతు నుంచి లాగే పంపు కూడా ఇంత వేడి నీళ్ల దగ్గర చతికిలపడుతుంది. 80 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం వాతావరణ పీడనంలో దాదాపు సగం ఉంటుంది. సక్షన్ పైపులో (పంపులోకి నీళ్లు లాగే పైపు) ఒత్తిడి ఇంకాస్త పడిపోతే నీళ్లు అక్కడే మరిగి ఆవిరైపోతాయి, సిలిండర్‌లోకి వచ్చేది సగం ఆవిరే. ట్యాంకుని పంపు కన్నా బాగా పైకి ఎత్తాం, సన్నగా ఉన్న సక్షన్ పైపు తీసి లావుది వేశాం. చప్పుడు పోయింది.

మీరు ముందు స్టీమ్ తగ్గించి పంపుని సగం వేగానికి దించి చూడండి. దెబ్బ మాయమైతే అనుమానం సక్షన్ మీదే. ట్యాంకు నీళ్ల వేడి, స్ట్రెయినర్‌లో (నీళ్లు వడకట్టే జల్లెడ) చెత్త, సక్షన్ పైపు అడుగున ఫుట్ వాల్వు ఉంటే అదీ చూడండి. నీళ్లు కింద నుంచి లాగుతున్న పంపయితే గాలి లీకు ఇంకో తలనొప్పి. అక్కడ నీళ్లు బయటికి కారవు, గాలే లోపలికి పోతుంది కాబట్టి కంటికి ఏమీ కనబడదు. పంపు నడుస్తుండగా ఒక్కో జాయింటు మీదా, నీళ్ల వైపు గ్లాండ్ (రాడ్డు చుట్టూ లీకు ఆపే ప్యాకింగ్ బిగించే చోటు) మీదా నీళ్లు పోస్తూ వినండి. ఎక్కడ చప్పుడు మారిందో లీకు అక్కడే.

రెండు పిస్టన్లవీ పోనూ రానూ కలిపి నాలుగు స్ట్రోకులు. నాలుగింట్లో ఒక్కదానికే దూకుతుంటే ఆ మూలనున్న నీళ్ల వాల్వు విప్పండి. స్ప్రింగు విరిగి ఉంటుంది, లేదా డిస్కు అరిగి ఉంటుంది, లేదా సీటు మీద ఏదో ఇరుక్కుని ఉంటుంది. అలాకాక డెలివరీ పైపంతా అదురుతూ గేజి ముల్లు ఊగిపోతుంటే ఎయిర్ చాంబర్ (దెబ్బలు మింగడానికి డెలివరీ వైపు ఉండే గాలి డబ్బా) నీళ్లతో నిండిపోయినట్టు. అందులోని గాలి ఒత్తిడికి కొద్దికొద్దిగా నీళ్లలో కరిగిపోతుంది. పంపు ఆపి, డెలివరీ వాల్వు మూసి, చాంబర్‌లో నీళ్లు వదిలేసి గాలి నిండనివ్వండి.

ఇవన్నీ బాగున్నాయనుకున్నాకే స్టీమ్ వైపు రండి. స్టార్ట్ చేసిన కాసేపే కొట్టి ఆగిపోతే అది సిలిండర్‌లో చేరిన నీరు. డ్రెయిన్ కాక్‌లు తెరిచి, వేడెక్కేదాకా నెమ్మదిగా నడపండి. తొందరపడితే కవరే పగలొచ్చు. సరిగ్గా స్ట్రోకు చివర్లో తగులుతుంటే, కుషన్ వాల్వులున్న (స్ట్రోకు చివర స్టీమ్‌ని దిండులా ఆపి పిస్టన్‌ని నెమ్మదింపజేసేవి) పంపయితే వాటిని కాస్త మూయండి. అప్పటికీ తగులుతుంటే స్లైడ్ వాల్వు నట్ల దగ్గర ఖాళీ (వాల్వు కదలక ముందు దాని రాడ్డు ఊరికే జరిగే దూరం) ఎక్కువైందేమో చూడాలి. ఆ ఖాళీ పెరిగితే స్ట్రోకు పొడవవుతుంది. వేగం ఎంత తగ్గించినా, దిశ మారిన ప్రతిసారీ టక్కుమంటుంటే రాడ్డు మీద పిస్టన్ నట్ వదులైందేమో. కీచుమనే చప్పుడైతే వేరే సంగతి, స్టీమ్ సిలిండర్ ఆయిల్ అందట్లేదు.

సెట్టింగ్ చేయాల్సే వస్తే పిస్టన్‌ని రెండు వైపులా కవర్‌కి తగిలేదాకా తోసి, గ్లాండ్ దగ్గర రాడ్డు మీద గుర్తులు పెట్టుకోండి. రెంటికీ నడుమ గుర్తు దగ్గర పిస్టన్ నిలిపి, ఆ పిస్టన్ రాడ్డు నడిపే అవతలి సిలిండర్ స్లైడ్ వాల్వుని పోర్టుల (స్టీమ్ దారుల) మధ్యకి తెచ్చి, నట్లకి అటూ ఇటూ ఖాళీ సమానం చేయాలి. రెండో వైపూ ఇంతే.

ఏది విప్పినా ముందు స్టీమ్, ఎగ్జాస్ట్, సక్షన్, డెలివరీ నాలుగూ మూసి డ్రెయిన్లు తెరిచి ఉంచండి. లోపల చిక్కుకున్న కాస్త స్టీమ్‌కే రాడ్డు కదిలి వేళ్లు నలిగిపోతాయి. పంపు బాగా పాతదైతే ప్యాకింగ్‌లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, దాన్ని పొడిగా గీకకండి.