పెద్ద టేబుల్ మీద క్వెరీ నెమ్మదిస్తే

చి. అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

భీమవరం చెరువుల ఆక్సిజన్ రీడింగుల టేబుల్ 5 కోట్ల వరుసలు దాటిందనీ, ఒక్క చెరువు రిపోర్టు తెరుచుకోవడానికి నిమిషం పడుతోందనీ రాశావు. సర్వర్‌కి ర్యామ్ వేయిద్దామంటున్నావు. ఆ డబ్బులు కాస్త ఆపరా.

ముందు ఆ క్వెరీని, అంటే డేటాబేస్‌ని నువ్వడిగే ప్రశ్నని, ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్‌తో నడుపు. అదెలా నడిచిందో చూపిస్తుంది. మన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ చూపించే ప్లాన్‌లో సీక్వెన్షియల్ స్కాన్ (టేబుల్ మొత్తం చదవడం) అనీ, ఫిల్టర్‌లో పోయిన వరుసలు కోట్లలోనూ కనిపిస్తే, ఒక్క చేప కోసం కొల్లేరంతా వల లాగుతున్నట్టే. అప్‌డేట్, డిలీట్‌ల మీద మాత్రం ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ నిజంగానే డేటాని మార్చేస్తుంది సుమా! బిగిన్ కొట్టి నడిపి, చూసుకుని రోల్‌బ్యాక్ చెయ్యి, మార్పులు రద్దవుతాయి.

చెరువు నెంబరు, సమయం: ఈ వరసలోనే రెంటికీ కలిపి ఒకే ఇండెక్స్ (పుస్తకం చివరి సూచికలాంటిది) కట్టు. 'ఇదే' అని అడిగే కాలమ్ ముందు, 'ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా' అని అడిగేది తర్వాత. తిరగేశావంటే ఆ తేదీల్లోని అన్ని చెరువుల ఎంట్రీలూ తిరగాల్సొస్తుంది.

అసలు చిక్కు నీ క్వెరీలో ఏ వరుసలు కావాలో చెప్పే వేర్ షరతులో ఉంది. సమయం కాలమ్‌ని, తేదీ మాత్రమే తీసిచ్చే డేట్ ఫంక్షన్‌లో చుట్టేశావు. ఇండెక్స్‌లో ఉన్నది సమయం, నువ్వడిగేది ఫంక్షన్ ఫలితం. ఇక తేదీతో అది వెతకలేదు. జులై 10 రీడింగులు కావాలంటే సమయం >= '2025-07-10', సమయం < '2025-07-11' అని రాయి. బిట్వీన్ వద్దు, రెండు కొసలూ కలుపుకుంటుంది. 11వ తేదీ 00:00 రీడింగు కూడా రిపోర్టులోకి వచ్చి పడుతుంది.

ఇండెక్స్ మామూలుగా కడితే అయ్యేదాకా ఇన్సర్ట్‌లు, అంటే కొత్త రీడింగులు చేర్చడం, ఆగుతాయి. ఆక్సిజన్ పడిపోయే తెల్లవారుజామున రీడింగు రాకపోతే రైతు ఊరుకోడు. ఇండెక్స్ కట్టే కమాండ్‌లో కంకరెంట్లీ అని చేర్చు, ఇన్సర్ట్‌లు ఆగవు. బిగిన్‌తో మొదలుపెట్టిన ట్రాన్సాక్షన్ లోపల అది నడవదు. మధ్యలో తెగితే ఇన్‌వ్యాలిడ్ ఇండెక్స్ మిగిలిపోతుంది: వెతకడానికి పనికిరాదు, ఇన్సర్ట్‌లకి మాత్రం బరువు. డ్రాప్ చేసి మళ్లీ కట్టు.

ప్లాన్‌లో అంచనా 10 వరుసలుండి, వచ్చినవి లక్ష అయితే టేబుల్ గురించి పోస్ట్‌గ్రెస్ దాచుకున్న గణాంకాలు పాతబడ్డాయేమో, వాటిని తాజా చేసే ఎనలైజ్ అనే విడి కమాండ్ నడుపు. దానంతటదే నడిచే ఆటోవ్యాక్యూమ్ డిఫాల్ట్‌గా 10 శాతం మారాకే ఎనలైజ్ చేస్తుంది. నీ టేబుల్‌కి అది 50 లక్షల వరుసలు! ఈ ఒక్క టేబుల్‌కి ఎనలైజ్ స్కేల్ ఫ్యాక్టర్ (ఆ శాతం నిర్ణయించే సెట్టింగ్) 0.01, అంటే 1 శాతం, పెట్టు.

ఇంకా కనపడ్డ ప్రతి కాలమ్‌కీ ఇండెక్స్ కట్టకు, ఇన్సర్ట్‌లు నీరసిస్తాయి.

ఇవన్నీ అయ్యాక కొత్త ప్లాన్ పంపు. ఫోనుతో తీసిన ఫొటో కాదురా, మొత్తం టెక్స్ట్.

మీ మావయ్య