హెడ్‌ఫోన్స్‌లో బాగున్న పాట గుడి మైకులో ఎందుకు చెడింది?

ప్రశ్న: ఇంట్లోనే అడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో భక్తి పాటలు రికార్డు చేస్తుంటాను. గొంతు నిండుగా వినిపించాలని ట్రాక్ కాపీ చేసి, ఒకటి పూర్తిగా ఎడమకు, రెండోది 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా పూర్తిగా కుడికి పాన్ చేశాను (అంటే ఆ పక్క ఛానల్‌కే పంపాను). హెడ్‌ఫోన్స్‌లో చాలా బాగుంది. మా గుడి స్పీకర్లో వేస్తే గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. మైక్ మార్చాలా?

జవాబు: మైక్ జోలికి వెళ్లకండి, డబ్బు దండగ. తేడా అంతా ఆ 10 మిల్లీసెకన్ల దగ్గరే ఉంది.

హెడ్‌ఫోన్స్‌లో ఎడమది ఎడమ చెవికే, కుడిది కుడి చెవికే వెళ్తుంది. రెండూ ఎక్కడా కలవవు కాబట్టి మనకు గొంతు విశాలంగా తోస్తుంది. దీన్నే హాస్ ఎఫెక్ట్ అంటారు. ఇక్కడా ఒక చిక్కుంది: ముందు వచ్చిన శబ్దం వైపే చెవి మొగ్గుతుంది. మీ పాట మళ్లీ శ్రద్ధగా వినండి, గొంతు కాస్త ఎడమకు జరిగినట్టు ఉంటుంది.

గుళ్లో, ఫంక్షన్ హాల్లో చాలాచోట్ల సౌండ్ మోనోయే. రెండు ఛానళ్లూ కలిసిపోయి ఒకటే వస్తుంది. 250 హెర్ట్జ్ (సెకనుకు 250 అలలు) స్వరాన్నే తీసుకోండి. దాని అల ఒకసారి పైకి లేచి, కిందికి దిగి రావడానికి 4 మిల్లీసెకన్లు పడుతుంది. 10 మిల్లీసెకన్లు అంటే రెండున్నర అలలు. మొదటి కాపీ పైకి లేచే సమయానికి రెండోది కిందికి దిగుతుంటుంది. కలిపితే సున్నా! 50, 150, 350, 450 హెర్ట్జ్ దగ్గరా ఇదే జరుగుతుంది. వాటి మధ్యలో ఉన్న 100, 200, 300 మాత్రం రెట్టింపవుతాయి. దువ్వెన పళ్లలా ఒకటి విడిచి ఒకటి కోసేస్తుంది కనుక దీనికి కోంబ్ ఫిల్టరింగ్ అని పేరు. ఆలస్యం తగ్గించినా, పెంచినా కోతలు చోటు మారతాయే తప్ప పోవు.

గొంతును ఒకే ట్రాక్‌గా నడిమధ్యలో ఉంచండి. నిండుదనం కావాలంటే కాపీ చేయకుండా అదే చరణాన్ని మరో రెండుసార్లు పాడి, ఆ రెంటినీ చెరోపక్కకు తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. మనిషి ఏ రెండుసార్లూ ఒకేలా పాడడు. తేడా క్షణక్షణం మారుతుంటుంది కాబట్టి ఒకే చోట కోత పడదు. శ్రమే, కానీ భక్తి పాటలో మాట స్పష్టంగా అందడం కన్నా ముఖ్యమైనది నాకైతే కనిపించదు. తాళాలు, గిటార్ లాంటివి పక్కలకు జరపండి, తబలా డగ్గా మధ్యలోనే ఉండనివ్వండి. పూర్తిగా పక్కకు తోసినవి మోనోలో గొంతుతో పోలిస్తే సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతాయి, ముందే చూసుకోండి.

పరీక్ష సులువే. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేసి, అవే హెడ్‌ఫోన్స్‌లో వినండి. గుళ్లో విన్న ఆ డబ్బా గొంతు అక్కడే దొరికిపోతుంది.

ప్రశ్న: రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్టీరియో (ఎడమ, కుడి రెండు ఛానళ్లున్న) కీబోర్డ్ ట్రాక్‌ను కుడికి పాన్ చేస్తే కింది స్వరాలు మాయమయ్యాయి. ఫైల్ పాడైందా?

జవాబు: ఫైల్‌కి ఏమీ కాలేదు, టెన్షన్ పడకండి. స్టీరియో ట్రాక్ మీద ఆ పాన్ నాబ్ (తిప్పే మీట) మామూలుగా బ్యాలెన్స్‌లా పనిచేస్తుంది: ఎడమ ఛానల్‌ను తగ్గిస్తుందే గానీ కుడికి తీసుకెళ్లదు. పియానో శబ్దాల్లో కింది స్వరాలు తరచూ ఎడమవైపే ఉంటాయి, అందుకే పోయాయి. నాబ్ మీద రైట్ క్లిక్ చేసి డ్యుయల్ పాన్ ఎంచుకోండి. రెండు ఛానళ్లకు వేర్వేరు నాబ్‌లు వస్తాయి, రెంటినీ కుడికి తిప్పండి.