గాఢమైన ఎరుపు, ఆవరంగు, కనకాంబరం రంగు ఇంటి గోడకూ ఒంటికీ ఎంతవరకు నప్పుతాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మియాపూర్‌లో రెండు పడకగదుల ఫ్లాట్‌లోకి మారబోతున్నారు. ఎరుపు, ఆవరంగు, కనకాంబరం రంగు అంటే మీకు చిన్నప్పటి నుంచి ప్రాణం. చూడవచ్చినవాళ్ళందరూ మాత్రం తెలుపో బూడిదరంగో వేయించమంటున్నారు. అది చాలదన్నట్టు, చామనఛాయ మనిషికి అంత ముదురు చీరలు నప్పవని ఇంట్లోవాళ్ళే అంటున్నారు. ఇంతకీ ఈ రంగులు వాడవచ్చా, వాడితే ఎక్కడ, ఎంత అన్నది మీ సందేహం.

నేను డిజైనర్‌ను కాను. పద్మారావునగర్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న ఉద్యోగినిని. అయితే ఈ రెండు విషయాల్లోనూ చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. నిండైన వెచ్చని రంగును దుకాణంలో చూసి ఖాయం చేయకూడదు. అది ఏ గదిలో, ఏ వేళలో, ఏ దీపం కింద మీ కంటపడుతుందో అక్కడ పెట్టి చూశాకే ఖాయం చేయాలి. నా తప్పులన్నీ ఈ ఒక్క సంగతి తెలియక చేసినవే.

2016లో మా హాలులో సోఫా వెనుక గోడకు మిరపపండు ఎరుపు వేయించాను. షేడ్ కార్డులో బొటనవేలి గోరంత ముక్కను చూసి, దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద ఎంచుకున్న రంగు అది. రెండు కోట్లు చాలునన్న లెక్కతో డబ్బా కొన్నాం. మూడో కోటు ఆరిన తరువాత కూడా అడుగున ఉన్న పాత లేతాకుపచ్చ మరకలు మరకలుగా కనబడుతూనే ఉంది. "ఇంకో కోటు కొడదాం మేడమ్" అంటూ పెయింటర్ అయిదో కోటు దాకా తీసుకువెళ్ళాడు. కోటు కోటుకూ మళ్ళీ దుకాణానికి పరుగు. కారణం ఏమిటో చాలాకాలం తరువాత, మా చెల్లెలి ఇంట్లో పని చేసిన ఒక పెద్దవయసు మేస్త్రీ చెబితే తెలిసింది. లేత రంగుల్లో అడుగును కప్పేసే పని ఎక్కువగా టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పొడి చేస్తుంది. నిండు ఎరుపులో దాన్ని కలిపితే రంగు గులాబీ వైపు తిరుగుతుంది కాబట్టి ఆ షేడ్లను తెలుపు దాదాపు లేని బేస్‌లో కలుపుతారు. అందుకే అవి ఎన్ని పూసినా పలుచని గుడ్డ కప్పినట్టే ఉంటాయి. ముందుగా ఒక కోటు బూడిదరంగు కలిపిన ప్రైమర్ వేయించి ఉంటే ఎరుపు రెండు మూడు కోట్లలోనే నిలబడేదని ఆయన అన్నాడు. చెల్లెలి ఇంట్లో అలాగే చేశాం, నిలబడింది.

నాకు అసలు దెబ్బ మాత్రం దీపాలు వేశాక తగిలింది. పగలు పదింటికి నిగనిగలాడిన గోడ, రాత్రి తెల్లని ఎల్‌ఈడీ ట్యూబ్ కింద నల్లబడి, నిర్జీవంగా తయారైంది. ఊరి నుంచి వచ్చిన మా అత్తమ్మ గుమ్మంలోనే ఆగి, "ఏందమ్మా, గోడకు కార్జం పూసినట్టున్నది" అన్నది. ఆ మాట నిజం కావడం వల్లనే కాబోలు, వారం రోజులపాటు నాకు ఆమెమీద కోపం పోలేదు.

ఇది గోడ తప్పు కాదని, దీపం తప్పని తెలుసుకోవడానికి మూడేళ్ళు పట్టింది. ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీద చూసుకోవలసిన అంకెలు రెండు. కెల్విన్‌లలో ఇచ్చేది వెలుగు ఎంత పసుపుగా, ఎంత నీలంగా ఉందో చెబుతుంది. మన ఇళ్ళల్లో సాధారణంగా బిగించే తెల్లని ట్యూబ్ 6500 కెల్విన్, పాత బల్బును పోలిన పసుపు వెలుగు 2700 నుంచి 3000 కెల్విన్. రెండోది సీఆర్‌ఐ, అంటే ఆ వెలుగు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె. ఇందులో ఒక మెలిక ఉంది. సీఆర్‌ఐ లెక్కకు తీసుకునే ఎనిమిది నమూనా రంగులూ కాస్త నిండుదనం తక్కువైనవే. నిండు ఎరుపు వాటిలో లేదు. దాన్ని ఆర్9 అనే తొమ్మిదో నమూనాగా విడిగా కొలుస్తారు. అందుచేత సీఆర్‌ఐ 80 అని రాసి ఉన్న బల్బు తెల్లగోడనూ ఆకుపచ్చ మొక్కనూ చక్కగానే చూపించి, ఎరుపును మాత్రం చంపేయవచ్చు. నేను ట్యూబ్ తీసేసి, సీఆర్‌ఐ 90 దాటిన 3000 కెల్విన్ దీపాలు రెండు, వెలుగు గోడమీద పడేటట్టు పెట్టించాను. అదే గోడ దానిమ్మ గింజలా కనిపించింది. రంగుకు పెట్టిన ఖర్చులో పదోవంతు కూడా కాలేదు.

సాయంకాలం సంగతి వేరే చెప్పాలి. చీకటి పడుతూ ఉండగా, ఇంకా దీపం వేయని ఆ అరగంటలో ఎర్రని గోడ నల్లగా మారిపోవడం, పక్కనే ఉన్న నీలం కుషన్ మాత్రం వెలుగుతున్నట్టు ఉండడం మీరూ గమనించవచ్చు. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు ముందు మసకబారుతుంది, నీలం ఆకుపచ్చలు ఆఖరుదాకా మిగులుతాయి. 1819 ప్రాంతంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పువ్వులను చూస్తూ గుర్తించిన సంగతి ఇది, అందుకే ఆయన పేరుతోనే పిలుస్తారు. కాబట్టి పగలు కూడా చీకటిగా ఉండే గదికి, మన అపార్ట్‌మెంట్లలో సామాన్యంగా అది నడవా, ఎరుపు కంటే ఆవరంగే మేలు.

ఇక ఏ ఎరుపు అన్న ప్రశ్న. మా అమ్మమ్మది సిద్దిపేట దగ్గర పల్లె. పండుగకు ముందు గోడలకు పైన సున్నం, కింద మోకాలెత్తు వరకు జాజు అనే ఎర్రమట్టి పూసేవారు. ఎండకు ఎండి వానకు తడిసినా ఆ జాజు ఎరుపు వెలిసినట్టు నాకు గుర్తు లేదు, మట్టితోపాటు రాలిపోయేదే తప్ప. జాజులోని రంగు ఇనుపతుప్పుకు సంబంధించినది, ఐరన్ ఆక్సైడ్. ఎండ దాన్ని ఏమీ చేయలేదు. మెరిసే ఎరుపులు చాలావరకు సేంద్రియ రసాయనాలతో చేసినవి, వాటిలో అన్నీ ఎండకు ఆగవు. పడమటి కిటికీకి నేను వేసిన కుంకుమరంగు కర్టెన్లు రెండు వేసవులు గడిచేసరికి మడత లోపల ఒక రంగు, బయట ఒక రంగు అయ్యాయి. అప్పటి నుంచి ఎండ నేరుగా తగిలేచోట ఇటుకరంగు, గేరురంగు, పండిన ఆవరంగు వంటి మట్టి రంగులే వాడుతున్నాను. వాటిని మెరుపులేని రంగులని చిన్నచూపు చూడకండి. సాయంత్రం అయిదున్నరకు నయాపూల్ మీద నిలబడి మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు భవనాన్ని చూడండి. ఎర్ర ఇసుకరాయి, గులాబీ గ్రానైటు కలిసిన ఆ గోడమీద వాలుతున్న ఎండ పడినప్పుడు కనిపించే రంగు ఏ షేడ్ కార్డులోనూ దొరకదు.

2019లో మళ్ళీ రంగులు వేయించినప్పుడు నేను చేసినది అమ్మమ్మ ఇంటి పద్ధతే. హాలు నాలుగు గోడలూ సున్నపు తెలుపు, కిందనుంచి మూడడుగుల ఎత్తువరకు జాజు వంటి ఎరుపు, వంటింట్లో ఒక్క గోడ ఆవరంగు. (వంటింటి ఆవరంగుకు ఇంకో లాభం, పోపు చిందినా పసుపు చేయి తగిలినా ఇట్టే తెలియదు.) డిజైనర్లు అరవై, ముప్ఫై, పది అని ఒక పాళ్ళ లెక్క చెబుతారు: ప్రధానమైన రంగు అరవై శాతం, తోడుగా ఉండేది ముప్ఫై, కంటికి తగిలేది పది. మొదటిసారి ఇల్లు సర్దేవారికి అది ఊతమే గాని, నిండు ఎరుపు పది శాతం ఉన్నా ఇరవై అంత కనిపిస్తుంది. వెచ్చని రంగులు చూపుకు ముందుకు వచ్చినట్టుంటాయి కాబట్టి నేను శాతాలు లెక్కపెట్టడం మానేశాను.

ఈ రంగులకు పక్కన ఏముందన్నది మరీ ముఖ్యం. మా ఇంట్లో ఒక చేర్యాల నకాషీ చిత్రం ఉంది. ఆ చిత్రాల్లో బొమ్మల వెనుక ఉండే రంగు ఎరుపే. దాన్ని వంటింట్లోని ఆవరంగు గోడకు తగిలిస్తే గోడలోనే కలిసిపోయింది, హాలులో తెలుపు మీద పెడితే బొమ్మలు లేచి వచ్చాయి. 1824లో పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల పర్యవేక్షణకు వచ్చిన షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త ముందుకు ఇటువంటి ఫిర్యాదే వచ్చింది: నీలం, ఊదా రంగుల మడతల్లో నీడలకు నేసిన నల్లనూలు వెలవెలబోతోందని. పరీక్షించి చూస్తే నల్లరంగు అద్దకంలో దోషం లేదు, పక్కనున్న రంగుల ప్రభావం అది. ఆ లెక్కన మీ ఇంట్లో ఎర్రని సోఫా ఉండి, గోడ లేతాకుపచ్చగా ఉంటే ఆ ఎరుపు మీరు కొన్నప్పటికంటే అరుస్తున్నట్టు కనిపిస్తుంది. గంధంరంగు గోడ ముందు అదే సోఫా సర్దుకుని కూర్చుంటుంది.

ఇక చీరల సంగతి. "నల్లపిల్లకు ఎరుపేమిటి" అన్న మాట నేను నా పెళ్ళిలో కూడా విన్నాను, ఆ మాటను నమ్మి పదేళ్ళు లేత రంగుల్లోనే గడిపాను. చామనఛాయకు ఎరుపు నప్పకపోవడం అంటూ ఏమీ లేదు. ఆ ఎరుపు ఏ వైపు ఒరిగిందో చూసుకోవాలి, అంతే. రాణిరంగు, బీట్‌రూట్ ఎరుపు నీలం వైపు ఒరిగినవి. కనకాంబరం, ఇటుకరంగు, పండుమిరప పసుపు వైపు ఒరిగినవి. జనరల్ బజార్‌లో ఒక రాత్రివేళ, కళ్ళు చెదిరే దీపాల కింద ముచ్చటపడి రాణిరంగు పట్టుచీర కొన్నాను. పగటిపూట ఫంక్షన్ హాలులో కట్టుకుంటే చీరే కనిపించింది, నేను కనిపించలేదు. తరువాతి ఏడు కనకాంబరం రంగు గద్వాల చీర కట్టుకున్నప్పుడు, అంతకుముందు ఎరుపు వద్దన్నవాళ్ళే ముఖం తేటగా ఉందన్నారు. గద్వాలలో ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు కావడం కూడా కలిసివచ్చింది: నూలు వెలుగును చెదరగొట్టి రంగును మెత్తబరుస్తుంది, పట్టు దాన్ని అద్దంలా తిప్పికొడుతుంది. కాబట్టి మీరు భయపడుతున్న రంగును ముందు నూలులో ప్రయత్నించండి. రెండు రకాల ఎరుపుల పమిటలు చెరో భుజంమీద వేసుకుని, దుకాణం గుమ్మం దగ్గరకు వచ్చి పగటి వెలుగులో అద్దం చూసుకోండి. గుమ్మం దాకా చీర తేనివ్వని దుకాణంలో నేను ఇప్పుడు ముదురు రంగులు కొనడం లేదు.

నిండు ఎరుపును రోజూ ఆఫీసుకు కట్టుకోవాలనుకుంటే పుట్టపాక తేలియా రుమాల్ పద్ధతి చీరలో దుపట్టాలో చూడండి. నూలును నూనెలోను, బూడిద నీటిలోను పదే పదే నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు ఈ మూడింటితోనే నేసే ఇక్కత్ అది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులోని ఎరుపు ఎంత గాఢమైనదైనా నలుపు దాన్ని పట్టి ఉంచుతుంది. పాతకాలపు ఎరుపులు కంటికి అంత హాయిగా ఉండడానికి మరో కారణం మొక్కల వేళ్ళలో ఉంది. కోరమండల్ తీరంలో చిరువేరుతో, పటికతో కలిపి అద్దిన ఎరుపులో ఒకటికి మించిన రంగు పదార్థాలు ఉంటాయి. అలాంటి వేళ్ళలో ప్రధానమైన అలిజరిన్‌ను 1868లో జర్మన్ రసాయనవేత్తలు ప్రయోగశాలలో తయారు చేశాక, ఎరుపు చవకా అయింది, ఏకరీతిగానూ అయింది. ఎర్ర నూలుబట్టను మొదటి నాలుగైదు ఉతుకులు చల్లని నీటిలో విడిగా ఉతకండి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు పోదని మా ఇంట్లోనూ అనేవారు, నా తెల్లని దుప్పటి మాత్రం ఆ నమ్మకంతోనే గులాబీ అయింది.

మీ ఫ్లాట్ విషయానికి వస్తే, ముందు దుకాణంలో దొరికే అతి చిన్న డబ్బా కొని, రెండడుగుల హార్డ్‌బోర్డు ముక్కకు రెండు కోట్లు వేసి, దాన్ని ఉదయం, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక ఒక్కో గోడకు ఆనించి మూడు రోజులు చూడండి. మూడో రోజు కూడా నచ్చితేనే పెయింటర్‌తో మాట్లాడండి. పడకగదిలో ముదురు రంగును తలవైపు గోడకు వేయించండి, పడుకున్నప్పుడు అది మీ కంటికి ఎదురుగా ఉండదు. ముదురు రంగుకు మెరుపు ఫినిష్ వద్దు. పుట్టీలో ఉన్న ప్రతి ఎత్తుపల్లమూ దానిమీద లెక్కపెట్టవచ్చు. ఇంటి బయట పడమటి గోడకూ, సొంత డాబా ఉంటే దానికీ మాత్రం లేత రంగే వేయించండి, ఎందుకంటే అక్కడ ముదురు రంగు నిజంగానే వేడిని పీల్చుకుంటుంది. పైకప్పులను చల్లగా ఉంచడానికి 2023లో తెలంగాణ ప్రభుత్వం ఒక విధానమే తెచ్చింది. ఇంటి లోపలి ఎర్రగోడ గదిని వేడెక్కిస్తుందన్నది మాత్రం భ్రమ, పన్నెండు వేసవులు చూసిన అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షులు ఎవరు చెప్పినా సరే.

గృహప్రవేశానికి ఏ చీర అని కూడా అడిగారు కదా. ఆవరంగు గోడ ముందు ఆవరంగు చీర వద్దు. కనకాంబరం రంగు నూలుచీర, ఆకుపచ్చ రవిక సరిపోతాయి. ఫొటోలు కిటికీ వెలుగులో తీయించుకోండి. ఫోను కెమెరాలో నిండు ఎరుపు తరచుగా ఒకే ముద్దగా వచ్చి, నేతలోని పనితనమంతా మాయమవుతుంది. రంగుల పని దసరాకు ముందే కావాలనుకుంటే మాత్రం పెయింటర్‌కు ఇప్పుడే మాట ఇవ్వండి, ఆ నెలలో మంచి పనివాళ్ళు దొరకడం కష్టం.