2జీ పోకముందే లిఫ్ట్ ఫోన్‌ను సిద్ధం చేసుకో

చిరంజీవి శ్రీకాంత్‌కు, ఆశీస్సులు.

లండన్‌లో మీ ఫ్లాట్ల నిర్వహణ నీ చేతికొచ్చింది కాబట్టి ముందు లిఫ్ట్ ఎమర్జెన్సీ ఫోన్ సంగతి చూడు. దాని వైరు ఎక్కడికి వెళ్తోందో మోటార్ రూమ్‌లో మెకానిక్‌ను చూపించమను. గోడమీది టెలిఫోన్ సాకెట్‌కైతే గడువు 2027 జనవరి ఆఖరు. పాత రాగి తీగల సర్వీసు అప్పటికి ఆగిపోతుంది. సిమ్ ఉన్న గేట్‌వేకైతే, అంటే లిఫ్ట్ ఫోన్‌ను మొబైల్ నెట్‌వర్క్‌కు కలిపే పెట్టెకైతే, 2జీ సంగతి తేల్చుకోవాలి. యూకేలో 2జీ ఆలస్యమైనా 2033 కల్లా పోతుంది.

గేట్‌వే మీద 4జీ అని ఉంది కదా అని ఊరుకోకు. వోల్టే, అంటే 4జీ మీదే మాట కూడా వెళ్లే ఏర్పాటు, లేనిది డేటాకు 4జీ వాడుకుని, కాల్ చేసేసరికి 2జీకి దిగిపోతుంది. ఇవాళ చక్కగా మోగుతుంది. 2జీ తీసేశాక సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి, కాల్ మాత్రం వెళ్లదు. అందుకని సెట్టింగుల్లో 4జీ ఒక్కటే ఉంచి, లిఫ్ట్ లోపలి నుంచి బటన్ నొక్కించు. కాల్ వెళ్లకపోతే ఆ సిమ్‌కు వోల్టే తెరిపించాలి, లేదా గేట్‌వేనే మార్చాలి. అన్ని నెట్‌వర్కులూ పట్టే రోమింగ్ సిమ్ అమ్మజూస్తారు. వాటిలో వోల్టే పనిచేయనివి ఉంటాయి, కొనేముందు రాసివ్వమను.

మాట వినపడగానే పని అయిపోలేదు. ఆ కాల్ అందుకునే మానిటరింగ్ సెంటర్ వాళ్ల స్క్రీన్ మీద ఏ అడ్రసు, ఏ లిఫ్ట్ కనిపిస్తోందో అడుగు. చాలా ఫోన్లు ఆ గుర్తింపును టోన్ల రూపంలో పంపుతాయి. మొబైల్ నెట్‌వర్క్ శబ్దాన్ని కుదించేటప్పుడు అవి చెడిపోతుంటాయి. టోన్ నిడివి కాస్త పెంచి చూడమను. వాళ్లను తిరిగి లిఫ్ట్‌కు కాల్ చేయమని కూడా చెప్పు.

అన్నిటికన్నా ఎక్కువగా వదిలేసేది బ్యాటరీ. రాగి తీగలో ఎక్స్ఛేంజీ నుంచే కరెంటు వచ్చేది. గేట్‌వేకు అది రాదు. లిఫ్ట్‌లోని ఫోన్‌కు బ్యాటరీ పెట్టి, గేట్‌వేను ఉత్త ప్లగ్గుకు తగిలించి పోతారు. కరెంటు పోయి మనిషి ఇరుక్కున్నప్పుడే అది మూగబోతుంది. లిఫ్ట్ ఎమర్జెన్సీ ఫోన్ల యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 81-28 ప్రకారం కరెంటు పోయాక కూడా కనీసం గంటసేపు పనిచేయాలి. కాబట్టి సప్లై తీయించి, గంట నిండాక కాల్ చేయించు. ఐదు నిమిషాలకే సంతకం పెట్టమంటే పెట్టకు.

గేట్‌వే ఇనుప పెట్టెలోనో బేస్‌మెంట్‌లోనో ఉంటే యాంటెన్నా బయటికి తెప్పించు. సిమ్ పిన్ తీయించు, వాయిస్ మెయిల్ ఆపించు, ప్రీపెయిడ్ వద్దు.

మూడు రోజులకొకసారి ఆటోమేటిక్ టెస్ట్ కాల్ వెళ్లాలి. అది డేటా మీద వెళ్లే మోడల్ అయితే మాట వెళ్తోందని దాన్ని నమ్మకు. టెస్ట్ తప్పినప్పుడు మెయిల్ ఎవరికి వెళ్తోందో కనుక్కో. పాత మేనేజర్ పేరే ఇంకా ఉండొచ్చు. ఫోన్ పనిచేయడం లేదని తేలితే, బాగయ్యేదాకా లిఫ్ట్ ఆపించు.

మీ బాబాయి