చిరుత బొమ్మ ఒరిజినల్ అన్నారు, తీరా చూస్తే ప్రింట్!

ప్రశ్న: మాది హైదరాబాద్, తార్నాక. రిటైరైన టీచర్‌ని. పులులు, చిరుతల ఇంకు బొమ్మలంటే నాకు ప్రాణం. పదిహేనేళ్లుగా ఒక్కొక్కటీ కొంటూ ఇరవై దాకా పోగేశాను. నాలుగు నెలల క్రితం మాదాపూర్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో, చెట్టుకొమ్మ మీద పడుకున్న చిరుత బొమ్మను రూ.48,000 పెట్టి కొన్నాను. అమ్మినాయన అంతకుముందు వాట్సాప్‌లో ‘చేత్తో వేసిన ఒరిజినల్ ఇంకు బొమ్మ, ఇలాంటిది ఇంకోటి లేదు’ అని రాశారు. బిల్లులో మాత్రం ‘ఆర్ట్ వర్క్–1’ అనే ఉంది. మొన్న ఫ్రేమ్ మార్పిద్దామని తీసుకెళ్తే, ఫ్రేములు కట్టే అతను భూతద్దంతో చూసి ‘సార్, ఇది ప్రింట్’ అన్నాడు. ఫోన్ చేస్తే ‘చూసుకునే కొన్నారు కదా, వాపసు లేదు’ అంటున్నారు. ఇంకో సంగతి. నా దగ్గరున్న మరో పులి బొమ్మతో మా అబ్బాయి షాపు క్యాలెండర్లు వేయిస్తానంటే, ఆ ఆర్టిస్టు ఒప్పుకోవడం లేదు. డబ్బిచ్చి కొన్న బొమ్మ మీద నాకు హక్కు లేదా?
– ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, పోయిన డబ్బు కంటే మోసపోయానన్న బాధే మీ ఉత్తరంలో ఎక్కువ కనిపించింది. ఇష్టపడి గోడకు పెట్టుకున్న బొమ్మ వైపు మళ్లీ చూడబుద్ధి కాకపోవడం చిన్న విషయం కాదు. అయితే మీ కేసులో బలం ఉంది. ఆ బలం బిల్లులో లేదు, వాట్సాప్ మెసేజీలో ఉంది.

వస్తు విక్రయ చట్టం–1930, సెక్షన్ 15 ఏం చెబుతుందంటే, ఫలానా వస్తువు అని వర్ణించి అమ్మితే, ఇచ్చిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. కళ్లతో చూసి కొన్నా సరే, ఆ మాట నమ్మి కొన్నప్పుడు ఈ నియమం వర్తిస్తుంది. గాజు ఫ్రేము వెనకున్న కాగితం మీద గీత పెన్నుతో గీసిందా, మెషిన్ అచ్చు వేసిందా అని నాలుగడుగుల దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది? అందుకే ‘చూసుకునే కొన్నారు’ అన్న జవాబు నిలబడదు. అమ్మేశాక ఫోన్‌లో చెప్పే ‘వాపసు లేదు’ అన్న షరతు కూడా మిమ్మల్ని కట్టిపడేయదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రింట్ అయినంత మాత్రాన ప్రతిదీ నకిలీ కాదు. ఆర్టిస్టే స్వయంగా రాగి, జింకు రేకుల మీద గీసి, పరిమిత సంఖ్యలో అచ్చు తీసి, ఒక్కోదాని కింద 5/25 లాగా నంబరు వేసి సంతకం చేసే ఎచింగులు ఉంటాయి. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి ఎచింగులు చూసినవారికి వాటి విలువ వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి రేపు అవతలి లాయరు ‘ఇదీ ఒరిజినల్ ప్రింటే’ అని వాదించవచ్చు. కానీ ‘చేత్తో వేసిన’, ‘ఇలాంటిది ఇంకోటి లేదు’ అని అమ్మినాయనే రాసి ఇచ్చారు. ఆ రెండు మాటల ముందు ఆ వాదన ఆగదు.

ముందు ఆ మెసేజీలు భద్రం చేయండి. ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం–2023, సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు, దాన్ని ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో ధ్రువీకరించే సర్టిఫికెట్ జత చేయాలి. ఈ ఒక్క కాగితం లేక మంచి కేసులు నీరుగారిపోతుంటాయి.

తర్వాత, అది ప్రింట్ అని రుజువు కావాలి. ఫ్రేములు కట్టే అతని కన్ను మంచిదే, కానీ వినియోగదారుల కమిషన్ ముందు అతని నోటిమాట సరిపోదు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ప్రింట్‌మేకింగ్ చెప్పే అధ్యాపకుల దగ్గరో, పాత కాగితాలు, బొమ్మలు బాగుచేసే నిపుణుల దగ్గరో రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. ఈలోగా మీరే ఒకసారి చూడండి. పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం కింద మామూలు ఇంక్‌జెట్ ప్రింటులో నల్లటి మచ్చ కూడా చాలాసార్లు రంగురంగుల సన్నటి చుక్కలుగా విడిపోతుంది. పాళీతో గీసిన గీత అలా విడిపోదు. దాని అంచుల దగ్గర ఇంకు కాగితపు పీచులోకి పాకి ఉంటుంది. గీత ఆగిన చోట కాస్త ముద్దకట్టి ఉంటుంది. అన్నిటికంటే మీసాలు చూడండి. చిరుత మీసాలను తెల్లరంగుతో పైనుంచి గీసి ఉంటే, టార్చిలైటు పక్కనుంచి వేసినప్పుడు ఆ రంగు కాగితం మీద కొద్దిగా ఉబ్బెత్తుగా కనిపించాలి. ప్రింటులో అక్కడా చదునుగానే ఉంటుంది. చూస్తున్నప్పుడు బొమ్మను చేత్తో తడమకండి, ఫ్రేము వెనక అంటించిన కాగితాలు పీకకండి. అవి కూడా సాక్ష్యమే.

ఇప్పుడు ఆలస్యం చేయకూడని పని. అసలు సంగతి తెలిశాక కూడా వస్తువును చాలాకాలం మాట్లాడకుండా ఉంచుకుంటే, మీరు ఒప్పుకున్నట్టే లెక్క. అప్పుడు వెనక్కిచ్చే హక్కు పోయి, నష్టపరిహారం అడగడం ఒక్కటే మిగులుతుంది. కాబట్టి ఈ వారంలోనే ‘వర్ణించిన వస్తువు ఇవ్వలేదు, దీన్ని తిరస్కరిస్తున్నాను, తీసుకెళ్లి రూ.48,000 వాపసు ఇవ్వండి’ అని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పదిహేను రోజులు గడువు పెట్టండి. స్పందన లేకపోతే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. అమ్మినాయన ఏ ఊరివాడైనా, మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసే వీలు వినియోగదారుల రక్షణ చట్టం–2019 ఇచ్చింది. గడువు రెండేళ్లు. రూ.5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు. లాయరును పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు, మీరే వాదించుకోవచ్చు. కొని అమ్మే వ్యాపారం చేసేవారికి ఈ చట్టం వర్తించదు. మీరు ఇంట్లో పెట్టుకోవడానికి కొన్నారు కాబట్టి ఆ టెన్షన్ అక్కర్లేదు.

‘పోలీస్ కేసు పెట్టొచ్చా’ అని చాలామంది అడుగుతారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం కేసు నిలబడాలంటే, అది ప్రింట్ అని అమ్మినాయనకు ముందే తెలుసని చూపించాలి. ఆయన కూడా ఇంకొకరి దగ్గర మోసపోయి ఉండవచ్చు. ఆ సంగతి తేలకుండా స్టేషన్ మెట్లెక్కమని నేను సలహా ఇవ్వను.

ఇక క్యాలెండర్ల సంగతి. ఇక్కడ మాత్రం ఆర్టిస్టుదే న్యాయం. మీరు కొన్నది కాగితాన్ని, దాని మీది ఇంకును. ఆ బొమ్మను అచ్చు వేసే హక్కును కాదు. కాపీరైట్ చట్టం–1957 ప్రకారం ఆ హక్కు వేసినవారిదే. వారు బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు వారసులకు ఉంటుంది. హక్కు పూర్తిగా బదిలీ చేసినా, ఫలానా పనికి వాడుకోమని అనుమతి ఇచ్చినా, అది రాతలో ఉండాలి. మీ అబ్బాయి ఆ ఆర్టిస్టును గౌరవంగా కలిసి, ఎన్ని కాపీలు, ఏ సంవత్సరం క్యాలెండరు, ఎంత ఇస్తారు అన్నది ఒక పేజీలో రాసుకుంటే బహుశా ఒప్పుకుంటారు. బొమ్మ కింద ఆయన పేరు తప్పక వేయండి. షాపు పేరు పట్టడం కోసం పులి తోక కత్తిరించడం లాంటివి చేయకండి. తన పనిని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు సెక్షన్ 57 ఆర్టిస్టుకు విడిగా ఇచ్చింది. హక్కులు అమ్మేసుకున్నా అది పోదు.

ఎప్పుడైనా మీ బొమ్మల్లో ఒకటి అమ్మాల్సి వస్తే ఇంకో మాట గుర్తుంచుకోండి. ధర రూ.10,000 దాటితే, కాపీరైట్ చట్టం సెక్షన్ 53ఏ కింద ఆర్టిస్టు అందులో వాటా అడగవచ్చు. గరిష్ఠంగా అది పది శాతం. లాభం మీద ఆదాయపు పన్ను కూడా ఉంటుంది, ఎందుకంటే ఇంట్లో వాడుకునే సామాన్లకు ఉన్న మినహాయింపు బొమ్మలకు లేదు.

ఇకపై కొనేటప్పుడు బిల్లు మీద ‘ఆర్ట్ వర్క్’ అంటే ఊరుకోకండి. ఆర్టిస్టు పేరు, వేసిన సంవత్సరం, కొలతలు, ‘కాగితంపై ఇంకుతో చేత్తో వేసినది, ప్రింట్ కాదు’ అన్న వాక్యం, అమ్మినవారి సంతకం ఉండాలి. బొమ్మకు ముందువైపు, వెనకవైపు ఫొటోలు తీసి ఆ బిల్లుకు జతచేసి పెట్టుకోండి. మీ దగ్గరున్న మిగతా బొమ్మలకు కూడా, ఆర్టిస్టులు అందుబాటులో ఉన్నంత వరకు, ఇప్పుడే ఈ కాగితం రాయించుకోండి.