టెలివిజన్‌లో బస్టర్ కీటన్: దేనితో మొదలుపెట్టాలి?

మూకీల కాలం ముగిశాక అమెరికన్ మూకీ హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ ఏమయ్యారు, టెలివిజన్‌లో ఆయన చేసినవి చూడదగినవేనా అని అడిగారు. చూడదగినవే. అయితే ఆయన పేరుతో వచ్చిన వారపు కార్యక్రమాలకంటే, ఇతరుల కార్యక్రమాలకు అతిథిగా వెళ్లి చేసినవాటిని ముందు చూడమంటాను.

1949 డిసెంబరులో ఆయన హాస్యనటుడు ఎడ్ విన్ నడిపిన టెలివిజన్ షోలో కనిపించి, 1917లో తన తొలి చిత్రంలో నటించిన బెల్లపు పాకం ఘట్టాన్నే మళ్లీ ఆడి చూపించారు. పాకం కొనడానికి దుకాణానికి వచ్చినవాడు ఆ పాకంలోనే ఇరుక్కుని, కాలు నేలకు అతుక్కుపోయి అవస్థపడే ఘట్టమది. అప్పటికి ఆయనకు యాభై నాలుగేళ్లు. ప్రత్యక్ష ప్రసారాలను తెర మీదనుంచి ఫిల్ముకెక్కించి దాచుకునే రోజులు కావడంతో బొమ్మ మసకగా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నా కంప్యూటరే పాడైందనుకున్నాను.

ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఆయనకు సొంత కార్యక్రమం దక్కింది, మొదట ప్రత్యక్ష ప్రసారంగా, 1951లో ఫిల్ము మీద. అది ఎక్కువకాలం సాగలేదు. వారం వారం కొత్త హాస్యం పుట్టించడం తన వల్ల కాదని ఆయనే తప్పుకున్నారు. ఈ మాటలోని బరువు నాకు అనుభవంలో తెలిసింది. హైదరాబాదులో ఒక ఛానెల్ హాస్య కార్యక్రమానికి నేను ఏడాదిపాటు స్కిట్లు రాశాను. మూడో నెల తిరిగేసరికి పాత స్కిట్‌లో మామగారి స్థానంలో ఇంటి యజమానిని పెట్టి నెట్టుకొచ్చే స్థితికి చేరాను. కీటన్ తన మంచి రోజుల్లో, 1920 నుంచి 1923 వరకు, తన బృందంతో తీసిన పొట్టి చిత్రాలు పంతొమ్మిది. వారానికొకటి చొప్పున టెలివిజన్ ఆ పంతొమ్మిదింటినీ ఐదు నెలల్లో మింగేస్తుంది!

ఆయన ప్రకటనల్లోనూ నటించారు, 1954లో ‘ది అవేకెనింగ్’ అనే గంభీరమైన నాటికలోనూ నటించారు. కానీ మీరు వింత కథల అమెరికన్ టీవీ ధారావాహిక ట్విలైట్ జోన్‌లోని 1961 నాటి భాగం ‘వన్స్ అపాన్ ఎ టైమ్’తో మొదలుపెట్టండి. 1890లో జీవించే పారిశుద్ధ్య పనివాడు ఒక శిరస్త్రాణం సాయంతో 1962లోకి వచ్చిపడతాడు. 1890లో జరిగే భాగాలను మాటల్లేకుండా, పియానో సంగీతంతో, మూకీలాగే తీశారు. ఇంగ్లీషు రాని మా అమ్మతో కలిసి చూస్తూ, తెరమీది అక్షరాలు చదివి చెప్పబోతే వద్దంది. మధ్యలో పాత్రలు మాట్లాడడం మొదలుపెట్టగానే లేచి పొయ్యి దగ్గరకు వెళ్లి, మాటలు ఆగిపోయాక మళ్లీ వచ్చి కూర్చుంది.