ఐరిస్ గడ్డను పసుపు కొమ్ములా పాతిపెట్టకండి

అన్నా, "మూడు బియర్డెడ్ ఐరిస్ గడ్డలు తెప్పించిన, మిర్యాలగూడలో ఎట్ల నాటాలి?" అని అడిగారు కదా. ఇది రేకుల మీద గడ్డంలా నూగుండే పూల మొక్క, అల్లం, పసుపు పెట్టినట్టు మాత్రం లోపల పూడ్చకండి. నేను చేసిన తప్పు అదే.

మా తమ్ముడు శ్రీనగర్‌లో డ్యూటీ చేస్తున్నప్పుడు నాలుగు గడ్డలు తెచ్చిచ్చాడు. అక్కడ సమాధుల మీద కూడా ఈ పూలు పెంచుతారు. హాలియాలో మా పెరడంతా రేగడి. నాలుగు వేళ్ల లోతున పెట్టి రోజూ నీళ్లు పోశాను. మృగశిర వానలు పడ్డ రెండు వారాలకే ఆకులు మొదట్లో పసుపుబారి వాలిపోయాయి. మట్టి తీసి వేలితో నొక్కితే గడ్డ పండిన అరటిపండులా జారింది. చేతికంటిన ఆ కుళ్లు వాసన సబ్బుతో కడిగినా వదల్లేదు. మూడు పోయాయి. నాలుగోదాంట్లో మెత్తబడిందంతా కత్తితో కోసేసి, గట్టి ముక్కను రెండు రోజులు ఆరబెట్టి మళ్లీ నాటాను.

ఈసారి దేవరకొండ వైపు నుంచి ఎర్ర చెలక మట్టి తెప్పించి, ఇసుక కలిపి జానెడు ఎత్తు గట్టు పోశాను. గట్టు మీద గడ్డను అడ్డంగా కూర్చోబెట్టి, వేర్లను రెండు వైపులా కిందికి పరిచి, వాటి మీదే మట్టి కప్పాను. గడ్డ వీపు బయటికి కనిపించాలి. ఎండాకాలం దాని మీద పలుచగా మట్టి చల్లొచ్చు, అంతే. మట్టి బాగా ఆరాకే నీళ్లు. యూరియా వేయొద్దు, ఆకు ఏపుగా వచ్చి కుళ్లు పట్టుకుంటుంది.

మూడేళ్లలో ఆ ముక్క ఐదు గడ్డలైంది. కత్తుల్లాంటి ఆకులు విసనకర్రలా విచ్చుకుంటాయి, చూడ్డానికి బాగుంటాయి. పువ్వు మాత్రం ఒక్కటీ రాలేదు. పూత రావాలంటే దానికి వారాల తరబడి గట్టి చలి తగలాలి. మన సంక్రాంతి చలి చాలదు. పువ్వు మీదే మనసుంటే మెట్టతామర పెట్టండి, లేదంటే లిల్లీ గడ్డలు పెట్టండి. లిల్లీ మూడు నెలలకు కాడ తీస్తుంది, సాయంత్రమైతే వాకిలంతా వాసన.

తెప్పించిన గడ్డలను ఈ వానల్లో నాటకండి, అక్టోబరు దాకా ఆగండి. అప్పటిదాకా పేపర్లో చుట్టి గాలాడే చోట పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో ఉంటే ఇవాళే తీసేయండి.